మెత్తబడిన బ్రేకు: ద్రవంలో చేరిన గాలి, నీరు

కారును ఆపడానికి డ్రైవరు వేసే బలాన్ని పెడల్ నుంచి చక్రాల దాకా మోసుకుపోయేది కడ్డీ కాదు, తీగ కాదు. సన్నని ఉక్కు గొట్టాల్లోనూ రబ్బరు హోస్ పైపుల్లోనూ నిండి ఉండే ద్రవం. బ్రేక్ ఆయిల్ అని అందరూ పిలిచే ఆ ద్రవం మామూలు కార్లలో మొత్తం కలిపినా దాదాపు లీటరులోపే ఉంటుంది. ఇంజన్ ఆయిల్‌తో దానికి ఏ చుట్టరికమూ లేదు. చాలా కార్లలో వాడేది గ్లైకాల్ ఈథర్లు అనే రసాయనాల మిశ్రమం. పెడల్‌పై కాలు మోపగానే గట్టిగా తగలవలసినది మెత్తగా లోపలికి జారిపోతున్నదంటే, ఆ ద్రవం నడిచే దారిలో ఎక్కడో గాలి చేరిందనో, నీరు కలిసిందనో, కారుతున్నదనో, లేక దారి గోడలే సాగుతున్నాయనో అర్థం. వీటిలో ఏది జరిగిందో పెడల్ తీరును బట్టే చాలావరకు చెప్పవచ్చు. విడిభాగాలను ఒకదాని తరువాత ఒకటి మార్చుకుంటూ పోవలసిన పని లేదు.

ద్రవంతో బలాన్ని పంపడం వెనుక ఉన్న సూత్రాన్ని 17వ శతాబ్దంలో ఫ్రెంచి శాస్త్రవేత్త బ్లేజ్ పాస్కల్ వివరించాడు: మూసి ఉన్న ద్రవంపై ఒకచోట కలిగించిన పీడనం తగ్గకుండా అన్ని వైపులకూ వ్యాపిస్తుంది. డ్రైవరు పెడల్‌ను 30 కిలోల బలంతో తొక్కితే, పెడల్ కడ్డీ అమరిక వల్ల ఆ బలం సుమారు నాలుగు రెట్లై 120 కిలోలుగా మాస్టర్ సిలిండర్‌లోని పిస్టన్‌ను నెడుతుంది. ఆ పిస్టన్ అడ్డుకొలత 22 మిల్లీమీటర్లు ఉన్నదనుకుంటే ద్రవంలో ప్రతి చదరపు సెంటీమీటరుకు 31 కిలోలకు పైగా పీడనం పుడుతుంది. చక్రం దగ్గర కాలిపర్‌లో 54 మిల్లీమీటర్ల పిస్టన్ ఉంటే దానిపై అదే పీడనం 700 కిలోలకు పైబడిన బలమై బ్రేక్ ప్యాడ్‌ను డిస్క్‌కు అదుముతుంది. ఇంజన్ శూన్యపీడనంతో పనిచేసే బూస్టర్ తోడైతే ఈ బలం ఇంకా చాలా పెరుగుతుంది. 1921లో అమెరికాలో డ్యూసెన్‌బర్గ్ మోడల్ ఏ కారు నాలుగు చక్రాలకూ ద్రవ బ్రేకులతో వచ్చింది. 1924లో క్రైస్లర్ కారు వాటిని మరింత మందికి అందుబాటులోకి తెచ్చింది. నేటి కార్లలోనూ ఆధారం అదే సూత్రం.

అయితే పాస్కల్ చెప్పిన ఈ లెక్క, దారిలో ఉన్నది నొక్కితే కుంచించుకోని ద్రవమైనప్పుడే పెడల్ దగ్గర గట్టిదనంగా కనిపిస్తుంది. యాభై వాతావరణ పీడనాల ఒత్తిడి వద్ద కూడా బ్రేక్ ద్రవం నూటికి అర పాలు కుంచించుకోదు. అదే ఒత్తిడిలో గాలి బుడగ మాత్రం యాభయ్యో వంతుకు నలిగిపోతుంది. పై ఉదాహరణలోని మాస్టర్ సిలిండర్‌తోనే లెక్క వేస్తే, వ్యవస్థలో మొత్తం 2 ఘన సెంటీమీటర్ల గాలి, అంటే టీ చెంచాలో సగానికి తక్కువ, చేరితే దాన్ని నలపడానికే పిస్టన్ 5 మిల్లీమీటర్లు, పెడల్ 2 సెంటీమీటర్లు అదనంగా ప్రయాణించాలి. ఆ 2 సెంటీమీటర్ల దూరంలో డ్రైవరు పడిన శ్రమ ప్యాడ్‌కు దాదాపు చేరదు. మెత్తని పెడల్ అంటే అనుభవంలో తెలిసేది ఇదే.

పాత కారు విషయంలో గాలికన్నా మోసకారి నీరు. గ్లైకాల్ ద్రవానికి చుట్టూ ఉన్న గాలిలోని తేమను పీల్చుకునే గుణం ఉన్నది. ద్రవం నిల్వ ఉండే రిజర్వాయరు మూతలోని సన్నని రంధ్రం గుండా, రబ్బరు హోస్ గోడల గుండా కూడా తేమ నెమ్మదిగా లోపలికి చేరుతుంది. చేరిన నీరు ద్రవంలో కలిసిపోతుంది కనుక అడుగున తేరి కంటికి కనిపించదు. కాని ద్రవం మరిగే ఉష్ణోగ్రతను అది బాగా దించేస్తుంది. డాట్ 3 అనే తరగతి ద్రవం కొత్తగా ఉన్నప్పుడు కనీసం 205 డిగ్రీల సెల్సియస్ దాకా మరగకూడదని అమెరికా ప్రమాణం చెబుతున్నది, అందులో 3.7 శాతం నీరు చేరిన స్థితికి అదే ప్రమాణం ఒప్పుకునే కనీస హద్దు 140 డిగ్రీలు మాత్రమే. డాట్ 4కు ఈ అంకెలు 230, 155, డాట్ 5.1కు 260, 180. అంటే కొత్త ద్రవానికీ తేమ పట్టిన ద్రవానికీ మధ్య 65 నుంచి 80 డిగ్రీల రక్షణ పోతున్నది. ద్రవం మరిగితే గొట్టంలో ఆవిరి బుడగలు పుడతాయి. ఆవిరి కూడా గాలిలాగే నలుగుతుంది కనుక పెడల్ ఒక్కసారిగా అడుగు దాకా దిగిపోవచ్చు. కొంతసేపటికి వేడి తగ్గితే ఆవిరి తిరిగి ద్రవమై పెడల్ ఏమీ ఎరగనట్టు గట్టిపడుతుంది. గ్యారేజీకి తీసుకువెళ్లేసరికి అంతా బాగానే ఉంటుంది, మెకానిక్కుకు తప్పేమీ కనిపించదు. అందువల్లనే ఈ లోపం అన్నిటికన్నా ప్రమాదకరమైనది.

ఈ విషయం తెలుగు డ్రైవర్లు చాలామంది బతికే కువైట్ వాతావరణంలో ప్రత్యేకంగా పరిశీలించదగినది. 2016 జులై 21న కువైట్ వాయవ్య భాగంలోని మిత్రిబా కేంద్రంలో నమోదైన 53.9 డిగ్రీల ఉష్ణోగ్రతను ప్రపంచ వాతావరణ సంస్థ పరిశీలించి ఆసియా ఖండపు అత్యధిక ఉష్ణోగ్రతగా గుర్తించింది. అంతటి ఎడారిలో గాలి పొడిగానే ఉంటుంది, బ్రేక్ ద్రవంలోకి తేమ ఎలా చేరుతుందన్న సందేహం సహజం. వాయవ్యం నుంచి వీచే షమాల్ గాలి నిజంగానే పొడిది. 48 డిగ్రీల వేడిలో సాపేక్ష తేమ 8 శాతం ఉంటే ఘన మీటరు గాలిలో 6 గ్రాముల నీటి ఆవిరే ఉంటుంది. కాని వేసవి చివర ఆగస్టు, సెప్టెంబరు నెలల్లో గల్ఫ్ సముద్రం మీదుగా ఆగ్నేయం నుంచి కౌస్ గాలి తిరిగినప్పుడు సాల్మియా, ఫహాహీల్, మంగఫ్ వంటి తీర ప్రాంతాల్లో రాత్రిపూట 33 డిగ్రీల వద్ద 70 శాతం తేమ ఉన్నదంటే, అదే ఘన మీటరులో 25 గ్రాముల దాకా ఆవిరి ఉంటుంది. ఒకే దేశంలో, ఒకే వేసవిలో, గాలి తిరిగినంత మాత్రాన తేమ నాలుగు రెట్లు పెరుగుతుంది. ఆరుబయట నిలిపిన కారు ఆ గాలిలోనే ఉంటుంది.

కడప, రాయచోటి, రాజంపేట ప్రాంతాల నుంచీ గోదావరి జిల్లాల నుంచీ కువైట్ వెళ్లిన తెలుగువారిలో ఇంటి డ్రైవర్లుగా, కంపెనీ డ్రైవర్లుగా, గ్యారేజీ పనివారుగా బతికేవారు చాలామంది. సొంతానికి పాత కరోలానో కామ్రీనో సన్నీనో కొనుక్కుని నడిపేవారూ ఉన్నారు. వేసవి సెలవుల్లో రెండు మూడు నెలలు స్వదేశం వెళ్లేటప్పుడు ఆ కారు భవనం పక్కన ఎండలో నిలిచిపోతుంది. కిలోమీటర్లు తిరగలేదు కనుక ద్రవం కొత్తగానే ఉందనుకోవడం పొరపాటు. బ్రేక్ ద్రవం వయసును కిలోమీటర్లతో కొలవలేము. తయారీదారులలో చాలామంది రెండేళ్లకొకసారి ద్రవాన్ని మార్చాలని సూచించడానికి కారణం ఇదే. సముద్రతీరంలో నిలిచే పాత బండికి ఆ గడువును ఇంకా కుదించుకోవడం వివేకం. రంగును చూసి వయసు కట్టడం కూడా నమ్మదగిన పద్ధతి కాదు: నల్లబడిన ద్రవం పాతదని చెప్పవచ్చు గాని, తేటగా ఉన్న ద్రవంలో నీరు లేదని చెప్పడానికి వీలు లేదు. తేమ శాతాన్ని కొలిచే చిన్న పరికరాలు దొరుకుతాయి. మూత తీసి ఎంతకాలమైందో తెలియని డబ్బాలోని ద్రవం బండిలోని పాత ద్రవంతో సమానమే కనుక, సీలు విప్పని చిన్న డబ్బా కొని మిగిలినది పారవేయడం మంచిది.

కువైట్‌లో ఘాట్ రోడ్లు లేవు, దేశమంతా దాదాపు చదును నేల. అయినా బ్రేకులు వేడెక్కడానికి వేగం చాలు. చలన శక్తి వేగపు వర్గాన్ని అనుసరించి పెరుగుతుంది. 1500 కిలోల కారు గంటకు 60 కిలోమీటర్ల వేగం నుంచి ఆగితే 208 కిలోజౌళ్ల శక్తి వేడిగా మారుతుంది. 120 నుంచి ఆగితే 833 కిలోజౌళ్లు, అంటే నాలుగింతలు. బరువు ముందుకు ఒరుగుతుంది కనుక ఇందులో 70 శాతం ముందు బ్రేకులు మోస్తాయనుకుని, ఒక్కొక్క డిస్క్ బరువు 7 కిలోలని తీసుకుంటే, ఆ ఒక్క ఆపుదలతోనే ముందు డిస్కుల ఉష్ణోగ్రత సుమారు 90 డిగ్రీలు పెరుగుతుంది. ఫహాహీల్ ఎక్స్‌ప్రెస్ రోడ్డు మీద 120 వేగంతో వచ్చి, దిగే దారిలో ఆగి, మళ్లీ వేగమందుకుని మరొకసారి ఆగవలసి వస్తే మొదటి వేడి పూర్తిగా చల్లారకముందే రెండో వేడి దానికి తోడవుతుంది. బయటి గాలే 48 డిగ్రీలున్నప్పుడు చల్లారడమూ ఆలస్యమవుతుంది. పైగా బండి సిగ్నల్ దగ్గర నిలబడగానే డిస్కుల మీదుగా వీచే గాలి ఆగిపోతుంది; డిస్క్‌లోని వేడి ప్యాడ్ గుండా కాలిపర్ పిస్టన్‌కు, అక్కడి నుంచి ద్రవానికి నిదానంగా పాకుతుంది. కాబట్టి గట్టిగా బ్రేకు వేసిన క్షణంలో బాగా పనిచేసిన పెడల్, రెండు నిమిషాల తరువాత సిగ్నల్ పచ్చబడి బండి కదిలి మళ్లీ ఆగవలసి వచ్చినప్పుడు మెత్తబడవచ్చు. వేడెక్కినప్పుడు మాత్రమే మెత్తబడి చల్లారాక గట్టిపడే పెడల్ కనిపిస్తే మొదట అనుమానించవలసినది తేమ పట్టిన ద్రవాన్నే.

ప్యాడ్లు అతిగా వేడెక్కి పట్టు కోల్పోవడం వేరే సంగతి. అప్పుడు పెడల్ గట్టిగానే ఉంటుంది, కారు మాత్రం ఆగదు.

లోపం ఎక్కడుందో తేల్చే పరీక్షను ఇంజన్ ఆపి మొదలుపెట్టాలి. పెడల్‌ను అయిదారుసార్లు తొక్కితే బూస్టర్‌లో నిలిచిన శూన్యపీడనం ఖర్చవుతుంది. ఆ తరువాత పెడల్ గట్టిపడాలి. అదే బలంతో అర నిమిషం నొక్కి పట్టుకున్నప్పుడు పెడల్ ఉన్నచోటనే నిలిస్తే ద్రవం బయటికి గాని, మాస్టర్ సిలిండర్ లోపల సీలు దాటి వెనక్కి గాని పోవడం లేదని చెప్పవచ్చు. పెడల్ నొక్కి ఉంచే ఇంజన్ స్టార్ట్ చేస్తే అది కొద్దిగా కిందికి దిగుతుంది. బూస్టర్ పనిచేస్తున్నదనడానికి అదే గుర్తు. దీన్ని లోపమనుకుని మంచి మాస్టర్ సిలిండర్‌ను మార్పించేవారు ఉన్నారు గనుక ఈ సంగతి గట్టిగా చెప్పవలసి వస్తున్నది.

నొక్కి పట్టిన పెడల్ మెల్లగా, ఆగకుండా దిగిపోతూ ఉంటే లీకు ఉన్నట్టే. రిజర్వాయరులో మట్టం తగ్గుతున్నదా, నాలుగు చక్రాల లోపలి వైపు తడి ఉన్నదా, వెనుక డ్రమ్ముల అడుగున చెమ్మ కనిపిస్తున్నదా చూడాలి. డ్రమ్ములోని వీల్ సిలిండర్ రబ్బరు తొడుగును చిన్న స్క్రూడ్రైవరుతో పైకెత్తితే లోపల నిలిచిన ద్రవం బయటపడుతుంది. ఎడారి ధూళి ఆ తడికి అంటుకుని చిక్కని నల్లని ముద్దగా పేరుకుని ఉంటుంది కనుక కువైట్ బండ్లలో ఈ లీకును పట్టుకోవడం నిజానికి తేలిక. పట్టుకోవడం కష్టమైనది మాస్టర్ సిలిండర్ వెనుక సీలు నుంచి బూస్టర్ లోపలికి కారే ద్రవం: మట్టం తగ్గుతూనే ఉంటుంది, నేల మీద చుక్క కూడా పడదు. మాస్టర్ సిలిండర్ నట్లు రెండూ వదులు చేసి కొద్దిగా ముందుకు లాగి చూస్తే గాని అది తెలియదు. మట్టం తగ్గలేదు, ఎక్కడా తడి లేదు, అయినా పెడల్ దిగుతున్నదంటే మాస్టర్ సిలిండర్ లోపలి సీళ్లు అరిగి, ద్రవం పిస్టన్ ముందు నుంచి వెనక్కి జారుతున్నదన్నమాట.

రెండు మూడుసార్లు వెంటవెంటనే తొక్కితే పెడల్ పైకి లేచి గట్టిపడుతున్నదంటే దానికి రెండు కారణాలుండవచ్చు. లేచిన పెడల్ కూడా స్పంజిలా సాగుతుంటే గాలి ఉన్నది. లేచాక రాయిలా గట్టిగా ఉంటే గాలి లేదు. వెనుక డ్రమ్ములలో బ్రేక్ షూలకూ డ్రమ్ముకూ మధ్య ఎడం పెరిగిందనో, చక్రం బేరింగు వదులై డిస్క్ ఊగి ప్యాడ్లను వెనక్కి తోస్తున్నదనో భావించాలి. షూలను సర్దుబాటు చేస్తే పోయే లోపానికి ద్రవం మార్చినా ఫలితం ఉండదు. 1960ల చివరి నుంచి కార్లలో సాధారణమైన రెండు విడి మార్గాల అమరిక వల్ల మరొక లక్షణం కూడా కనిపిస్తుంది: పెడల్ సగానికి పైగా వదులుగా దిగి, అక్కడ గట్టిపడి, బండి ఆలస్యంగానైనా ఆగుతుంటే ఒక మార్గం పూర్తిగా ఖాళీ అయి రెండో మార్గం ఒక్కటే పనిచేస్తున్నది. అటువంటి బండిని గ్యారేజీ దాకా నడుపుకుంటూ వెళ్లడం తగదు, లాగించుకుని వెళ్లాలి.

పదిహేను, ఇరవై ఏళ్ల బండిలో హోస్ పైపులను విడిగా చూడవలసి ఉంటుంది. ఒకరు పెడల్‌ను గట్టిగా తొక్కుతుండగా మరొకరు హోస్‌ను వేళ్లతో పట్టుకుంటే, లోపలి అల్లిక బలహీనపడిన హోస్ ఉబ్బడం చేతికి తెలుస్తుంది. మెత్తదనం ఏ చక్రం వైపు నుంచి వస్తున్నదో తేల్చుకోవడానికి, హోస్‌ను గాయపరచని గుండ్రటి అంచుల బిగింపుతో ఒక్కొక్క హోస్‌ను వరుసగా మూసి పెడల్‌ను పరీక్షించే పద్ధతి ఉన్నది: ఏ హోస్‌ను మూసినప్పుడు పెడల్ ఒక్కసారిగా గట్టిపడుతుందో లోపం ఆ చక్రం దగ్గరే ఉన్నట్టు. ఎండకు పగుళ్లు తేలిన హోస్‌పై ఈ ప్రయోగం చేయకూడదు. దాన్ని నేరుగా మార్చడమే సరి. నాలుగింటినీ మూసినా పెడల్ మెత్తగానే ఉంటే చూడవలసినది మాస్టర్ సిలిండర్‌ను.

షువైఖ్ పారిశ్రామిక వాడ కువైట్‌లో పాత బండ్ల మరమ్మతుకూ విడిభాగాలకూ పెట్టింది పేరు. అక్కడ పనిచేసే మెకానిక్కులలో భారతదేశంలో పని నేర్చుకుని వెళ్లినవారికి గాలి తీసే వరుసలో ఒక తేడా ఎదురవుతుంది. మార్గాలు ముందు చక్రాలకు ఒకటి, వెనుక చక్రాలకు ఒకటిగా విడిపోయిన బండిలో మాస్టర్ సిలిండర్‌కు అత్యంత దూరంలో ఉన్న చక్రం నుంచి గాలి తీయడం మొదలుపెట్టి దగ్గరికి రావడం ఆనవాయితీ. భారతదేశంలో స్టీరింగు కుడివైపు కనుక దూరపు చక్రం ఎడమ వెనుకది. కువైట్‌లో స్టీరింగు ఎడమవైపు కనుక అది కుడి వెనుకది. ముందుచక్రాల చోదనం గల చాలా కార్లలో మార్గాలు ఐమూలగా, అంటే కుడి ముందు చక్రాన్ని ఎడమ వెనుక చక్రంతో కలిపినట్టుగా ఉంటాయి; వాటి వరుసను ఆ కారు తయారీదారు పుస్తకం చూసి అనుసరించాలి.

గాలి తీసే పనిలో తొందర పనికిరాదు. రిజర్వాయరు మూత విప్పేముందే మూతనూ చుట్టుపక్కలనూ తడిబట్టతో తుడిచి ఆరనివ్వాలి, లేకపోతే షమాల్ తెచ్చి పోసిన సన్నని ఇసుక నేరుగా ద్రవంలో పడి సీళ్లను కోస్తుంది. కాలిపర్ పైభాగంలోని బ్లీడర్ నిపుల్‌కు పారదర్శకమైన సన్నని గొట్టం తొడిగి, రెండో కొనను కొద్దిగా కొత్త ద్రవం పోసిన సీసాలో ముంచాలి. సహాయకుడు పెడల్‌ను నెమ్మదిగా నొక్కి పట్టగానే నిపుల్‌ను పావు చుట్టు వదులు చేయాలి. పాత ద్రవం బుడగలతో బయటికి వస్తుంది. సహాయకుడు కాలు తీయకముందే నిపుల్‌ను బిగించాలి. గొట్టంలో బుడగ లేని తేట ద్రవం వచ్చేదాకా ఇలా చేస్తూ, మధ్య మధ్య రిజర్వాయరు ఖాళీ కాకుండా నింపుతూ ఉండాలి. ఒక్కసారి అడుగంటినా గాలి మాస్టర్ సిలిండర్‌లోకి దూరి చేసిన పనంతా మొదటికి వస్తుంది.

పాత బండిలో మరొక ముఖ్యమైన జాగ్రత్త ఉన్నది. రోజువారీ వాడుకలో మాస్టర్ సిలిండర్ పిస్టన్ తన దారిలో మొదటి సగంలోనే తిరుగుతుంది. మిగిలిన సగంలో ఏళ్ల తరబడి నీటి వల్ల తుప్పు, మడ్డి పేరుకుని ఉంటాయి. గాలి తీసేటప్పుడు పెడల్‌ను అడుగుదాకా తొక్కితే సీళ్లు ఆ గరుకు భాగం మీదుగా రుద్దుకుని చిరుగుతాయి. గాలి తీయించాక పెడల్ ఇంకా చెడిపోయిందన్న ఫిర్యాదు చాలా సందర్భాల్లో ఇలా పుట్టినదే. పెడల్ కింద ఒక చెక్కముక్క పెట్టి పూర్తిగా దిగకుండా అడ్డుకుంటే ఈ నష్టం తప్పుతుంది. తుప్పు పట్టి కదలని నిపుల్‌ను బలవంతం చేస్తే విరిగిపోతుంది. ముందురోజే తుప్పు వదిలించే ద్రవం వేసి ఉంచి, ఆరు పలకల స్పానర్‌తో మెల్లగా అటూ ఇటూ కదిపి విప్పాలి.

ఎంత గాలి తీసినా మెత్తదనం పోని బండిలో, ఇటీవల ఎవరైనా కాలిపర్లు విప్పి బిగించారా అని అడగడం ఉపయోగకరం. కుడి, ఎడమ కాలిపర్లు తారుమారైతే నిపుల్ పైన ఉండవలసినది కిందికి వస్తుంది, గాలి పైభాగంలో చిక్కుకుని ఎన్నటికీ బయటపడదు. ఏబీఎస్ ఉన్న కార్లలో దాని కవాటాల పెట్టెలోనూ గాలి నిలవవచ్చు. దాన్ని తీయడానికి కంప్యూటర్ పరికరంతో కవాటాలను తెరిపించవలసి వస్తుంది. విప్పిన భాగాలను పెట్రోలుతోనో డీజిలుతోనో కడగడం పాత అలవాటు, కాని ఆ నూనెలు బ్రేకు రబ్బరును ఉబ్బించి పాడుచేస్తాయి. బ్రేక్ క్లీనరుతో గాని కొత్త బ్రేక్ ద్రవంతో గాని కడగాలి. సిలికాన్‌తో చేసిన డాట్ 5 ద్రవాన్ని గ్లైకాల్ జాతికి చెందిన 3, 4, 5.1 తరగతులతో కలపకూడదు. డాట్ 5, డాట్ 5.1 పేర్లు దగ్గరగా ఉన్నా రసాయనికంగా అవి వేరువేరు జాతులు.

పని పూర్తయ్యాక బండిని కదిలించకముందే పెడల్‌ను చూడాలి. ప్యాడ్లు మార్చి ఉంటే అవి డిస్కుకు చేరేదాకా పెడల్‌ను కొన్నిసార్లు తొక్కాలి, లేకపోతే మొదటి తొక్కు ఉత్తదే అవుతుంది. తరువాత ఆవరణలోనే నడక వేగంలో ఆపి చూసి, ఖాళీ రోడ్డుపై వేగం పెంచి కొన్నిసార్లు ఆపి, బ్రేకులు వేడెక్కిన స్థితిలో పెడల్ అదే ఎత్తులో గట్టిపడుతున్నదో లేదో పోల్చాలి. మరునాడు ఉదయం చల్లబడిన బండిలో రిజర్వాయరు మట్టాన్ని గుర్తుపెట్టిన గీతతో సరిచూసి, నిపుళ్ల చుట్టూ వేలితో తడిమి చెమ్మ లేదని నిర్ధారించుకున్నాక రోజువారీ వాడుకకు బండిని ఇవ్వవచ్చు. రంగుపై చిందిన ద్రవాన్ని అప్పటికప్పుడే నీటితో కడగాలి, ఆలస్యమైతే అది పెయింటును పొరలుగా లేపేస్తుంది.